వార్డు జనం పనులు దేనిలో రాసుకోవాలి: రిజిస్టరా, వాట్సాప్పా, గూగుల్ షీటా?

అర్జీ ఆఫీసులో ఆగిపోతే ఎక్కడ ఆగిందో అడిగి తెలుసుకోవచ్చు. కౌన్సిలర్ ఫోన్‌లోనే ఆగిపోతే అడగడానికి ఎవరూ ఉండరు. పెళ్లిలో కనిపించి ఒకాయన చెవిన వేసిన మాట, రాత్రి పదింటికి వచ్చిన వాయిస్ మెసేజ్, బడి దగ్గర బండి ఆపి ఒకావిడ చేతిలో పెట్టిన జిరాక్సు కాగితం, ఇవన్నీ ఒకచోట చేరకపోతే వారం తిరిగేసరికి మర్చిపోతాం. చెప్పిన మనిషి మాత్రం మర్చిపోరు. "చెప్పాం గానీ పట్టించుకోలేదు" అనే మాట వార్డంతా పాకేది అక్కడి నుంచే.

వార్డు అర్జీలు రాయడం, వాటి వెంట తిరగడం చాలాకాలం చేశాను. కొత్తగా గెలిచినవాళ్లు కలిసినప్పుడల్లా "ఏ యాప్ పెట్టుకోమంటావు?" అని అడుగుతుంటారు. యాప్ సంగతి తర్వాత చూడొచ్చు. ముందు వార్డు ఎంత పెద్దదో, పక్కన రాసిపెట్టే మనిషి ఉన్నారో లేదో, వచ్చే పనుల్లో మున్సిపాలిటీ చేతిలో ఉన్నవెన్నో చూసుకోవాలి.

వార్డు సైజు తేడా చిన్నది కాదు. 2020 జీహెచ్ఎంసీ ఎన్నికల్లో 150 డివిజన్లకు (అక్కడి వార్డులకు) కలిపి 74 లక్షలకు పైగా ఓటర్లున్నారు. అంటే ఒక్కో కార్పొరేటర్‌కు దాదాపు 50 వేల మంది. అదే చిన్న మున్సిపాలిటీలో వార్డంటే రెండు మూడు వేల ఓట్లే ఉండొచ్చు. అక్కడ కౌన్సిలర్‌కు సగం ఇళ్లు ముఖపరిచయం. ఈ ఇద్దరికీ ఒకే సలహా ఇస్తే ఎవరో ఒకరికి పనికిరాదు.

ఇక పనుల సంగతి. డ్రెయిన్, చెత్త, వీధిలైటు, కుళాయి నీళ్లు, ఇంటి పన్ను, మ్యుటేషన్ (ఆస్తి రికార్డులో పేరు మార్పు), ఇంటి ప్లాను అనుమతి మున్సిపల్ ఆఫీసు పరిధిలోవి. వీటిలోనూ వీధిలైట్ల నిర్వహణ చాలాచోట్ల కాంట్రాక్టు సంస్థ చేతిలో ఉంటుంది. హైదరాబాద్‌లో తాగునీరు జలమండలిది. పింఛను, రేషన్ కార్డు, కరెంటు, కుల ధ్రువీకరణ పత్రం బయటి శాఖలవి, వీటిలో కౌన్సిలర్ అడగగలరు గానీ మంజూరు చేయలేరు. మూడో రకం ఇంటి గొడవలు, ప్రహరీ గోడ తగాదాలు, పోలీస్ స్టేషన్ దాకా వెళ్లే సంగతులు. ఈ మూడింటినీ ఒకే తీరుగా రాసుకుంటే మూడో రకం వాళ్ల పరువు వీధిన పడుతుంది. ఆ మాట చివర్లో చెప్తాను.

రిజిస్టరు

అట్ట గట్టిగా ఉన్న పొడుగు రూల్డ్ పుస్తకం. పాతకాలం పద్ధతని కొట్టిపారేసేవాళ్లు ఎక్కువ. ఇప్పటికీ ఒంటరిగా పనిచేసే కౌన్సిలర్‌కు నేను మొదట చెప్పేది ఇదే. పెద్దావిడ వచ్చి కష్టం చెప్పుకుంటుంటే మన చేయి ఫోన్ మీద ఉండటం వేరు, పుస్తకంలో ఆమె పేరు ఆమె కళ్లముందు రాయడం వేరు. తన మాట ఎక్కడో నమోదైందన్న ధైర్యం ఆ రెండోదానితోనే వస్తుంది. ఛార్జింగ్ అక్కర్లేదు, నెట్ అక్కర్లేదు. మనం ఊళ్లో లేనప్పుడు ఇంట్లోవాళ్లు కూడా రాసి ఉంచగలరు.

అయితే రిజిస్టరును చాలామంది హాజరుపట్టీలా వాడతారు: తేదీ, పేరు, ఫిర్యాదు, సంతకం, అంతే. తర్వాత ఏమైందో రాయడానికి చోటే ఉండదు. ఎడమ పేజీ ఫిర్యాదుకు, కుడి పేజీ మొత్తం తర్వాత జరిగినదానికి వదలాలి. ఒక ఎంట్రీ ఎలా ఉండాలో ఉదాహరణగా చూపిస్తాను.

ఎడమ వైపు: "వరుస నంబరు 214. ఆగస్టు 11. పేరు, ఇంటి నంబరు, ఫోను. గుడి వీధి మలుపులో డ్రెయిన్ పొంగుతోంది. రెండో ఇంటి గుమ్మం దాకా నీళ్లు."

కుడి వైపు: "12న శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కు ఫోన్ చేశాం. 13న జవాన్లు (పారిశుధ్య సిబ్బంది) వచ్చి సిల్టు తీశారు. అదే సాయంత్రం ఇంటావిడకు చెప్పాం. 29న మళ్లీ పొంగింది. కల్వర్టు కింద పైపు చిన్నదంటున్నారు. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) చూడాలి. ఇప్పుడు ఏఈ దగ్గర ఉంది. మళ్లీ అడగాల్సింది సెప్టెంబరు 5."

చివరి రెండు ముక్కలు చూడండి. పని ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది, మళ్లీ ఎప్పుడు అడగాలి. ఈ రెండూ లేని రిజిస్టరు ఎన్ని పేజీలు నిండినా వినతుల జాబితాగానే మిగులుతుంది. వచ్చినవాళ్లకు వరుస నంబరు రాసిన చిన్న చీటీ ఇస్తే ఇంకా మేలు. తర్వాత ఫోన్ చేసినప్పుడు "మొన్న చెప్పాను కదా సార్" అనే బదులు "214" అంటారు, పేజీ తీయడం క్షణంలో అయిపోతుంది.

రిజిస్టరులో లోటు వెతకడం దగ్గర వస్తుంది. ఫలానా వీధిలో ఈ ఏడాది ఎన్నిసార్లు నీళ్లు రాలేదో చూడాలంటే పుస్తకమంతా తిరగెయ్యాలి. చివరి పేజీల్లో వీధికొక పేజీ వదిలి, ఆ వీధి నుంచి వచ్చిన వరుస నంబర్లు మాత్రం వేసుకుంటూ పోతే ఈ కష్టం చాలావరకు తీరుతుంది. ఫొటోలు ఎలాగూ ఫోన్‌లోనే ఉండాలి. అన్నిటికంటే పెద్ద భయం పుస్తకం పోవడం. వారానికోసారి కొత్త పేజీలను ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

వాట్సాప్

మనం వద్దన్నా జనం వాట్సాప్‌లోనే పంపుతారు. పొంగే డ్రెయిన్ ఫొటో, లొకేషన్, కరెంటు బిల్లు నిమిషంలో మన చేతికొస్తాయి. అర్జీ తీసుకోవడానికి ఇంతకంటే సులువైన దారి లేదు. కానీ తీసుకోవడం వేరు, దాచుకుని వెంటపడటం వేరు. రెండో పనికి మామూలు వాట్సాప్ అసలు సరిపోదు. రోజుకు ఇన్ని గుడ్‌మార్నింగ్‌లు, ఫార్వర్డులు వస్తుంటే సోమవారం నాటి ఫిర్యాదు బుధవారానికి కిందికి జారిపోతుంది. పైగా నీలం టిక్కు పడగానే "చూశారు, ఒప్పుకున్నారు" అని పంపినవాళ్లు అనుకుంటారు.

వాడితే వాట్సాప్ బిజినెస్ వాడండి, దానికి వేరే సిమ్ పెట్టండి. యాప్ ఉచితం. అందులో చాట్‌లకు లేబుళ్లు వేసుకోవచ్చు. కొత్తది, ఆఫీసులో ఉంది, ఇంటికి చెప్పాలి, అయిపోయింది అని నాలుగు లేబుళ్లు చాలు. ఎక్కువ పెట్టుకుంటే వేయడం మానేస్తాం. "మీ ఇంటి నంబరు, వీధి, సమస్య ఎప్పటి నుంచి ఉందో రాయండి" అనే క్విక్ రిప్లై సిద్ధంగా పెట్టుకుంటే ప్రతిసారీ టైపు చేయనక్కర్లేదు. రాత్రిపూట దానంతటదే వెళ్లే జవాబు ఒకటి పెట్టొచ్చు: "మీ మెసేజ్ అందింది, రేపు ఉదయం చూస్తాను. కరెంటు తీగ తెగితే 1912కు ఫోన్ చేయండి." హైదరాబాద్‌లో అయితే దాంతోపాటు నీళ్లకు, మురుగుకు 155313, జీహెచ్ఎంసీ కాల్ సెంటర్ 040-21111111 కూడా అందులోనే ఇవ్వొచ్చు.

వార్డు గ్రూపు గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. గ్రూపులో 1,024 మంది దాకా పడతారు కాబట్టి "రేపు నీళ్లు రావు", "శనివారం వైద్య శిబిరం ఉంది" లాంటి కబుర్లకు బాగుంటుంది. ఫిర్యాదులకు మాత్రం వద్దు. ఒకరు చెత్త ఫొటో పెడితే పదిమంది దాని మీద వ్యాఖ్యలు మొదలుపెడతారు, ఎదుటి పార్టీవాళ్లు దిగుతారు, అసలు ఆ ఇల్లు ఎక్కడో అడిగేలోపు వంద మెసేజ్‌లవుతాయి. గట్టిగా అరిచినవాళ్ల వీధికి జవాన్లు ముందు వెళ్తారు. స్మార్ట్‌ఫోన్ లేని వీధి వెనకబడుతుంది. మురికివాడల్లో ఉండేవాళ్లకు, ఒంటరి ముసలివాళ్లకు ఇది నిజంగా అన్యాయం. గ్రూపును అడ్మిన్లు మాత్రమే రాసేలా పెట్టి, ఫిర్యాదులు విడిగా నంబరుకు పంపమని పైన పిన్ చేయడం మంచి పద్ధతి.

రెండు రాష్ట్రాల్లోనూ స్థానిక సంస్థల్లో సగం సీట్లు మహిళలవి. అయినా ఎన్నోచోట్ల వార్డులో అందరి దగ్గరా ఉండేది భర్త నంబరో కొడుకు నంబరో. మహిళా కౌన్సిలర్ తన పేరు మీద సిమ్ తీసుకుని, ఆ ఫోన్ తన చేతిలో పెట్టుకుంటే వార్డులో ఆడవాళ్లు చెప్పే సమస్యలే వేరుగా ఉంటాయి. బడి దగ్గర మరుగుదొడ్డి, చీకటి సందు, తాగి గొడవ చేసే మనిషి సంగతి భర్త ఫోన్‌కు ఎవరూ మెసేజ్ పెట్టరు. ఏ యాప్ వాడాలన్న ప్రశ్న కంటే నా దృష్టిలో ఇది ముఖ్యం.

గూగుల్ షీట్

పక్కన ఓపికగా ఎక్కించే మనిషి ఒకరుంటే షీటుకు సాటి లేదు. డిగ్రీ చదివే కుర్రాడైనా చాలు. వరుస నంబరు, తేదీ, వీధి, పని రకం, ఎవరి దగ్గర ఉంది, ప్రభుత్వ ఫిర్యాదు నంబరు, మళ్లీ అడిగే తేదీ, పరిస్థితి. ఈ ఎనిమిది నిలువు గడులకు మించి పెట్టవద్దు. తెలుగు టైపింగ్ రాకపోతే ఫోన్ కీబోర్డులో మైకు నొక్కి చెప్తే రాసేస్తుంది, వీధి పేర్లు మాత్రం సరిచూసుకోవాలి.

షీటు అసలు బలం ఫిల్టర్‌లో ఉంది. ఏఈ దగ్గరికి వెళ్లేముందు ఏఈ పేరు మీద ఫిల్టర్ వేస్తే ఆయన చేతిలో ఉన్న పనులన్నీ ఒక కాగితం మీద వస్తాయి. "సార్, మా వార్డువి కొన్ని పెండింగ్ ఉన్నాయి" అనడానికీ, తేదీలతో ఉన్న జాబితా బల్ల మీద పెట్టడానికీ చాలా తేడా ఉంది. అధికారికి కూడా అది సాయమే. ఆయనకూ పది వార్డులుంటాయి, ఎవరేం చెప్పారో ఆయనకూ గుర్తుండదు.

ఇబ్బందులూ ఉన్నాయి. ఎక్కించే కుర్రాడు ఉద్యోగం వచ్చి వెళ్లిపోతే షీటు ఆ రోజుతో ఆగుతుంది. షీటు అతని జీమెయిల్‌లో ఉంటే ఇంకా కష్టం, కాబట్టి కౌన్సిలర్ పేరు మీద తీసిన ఖాతాలోనే తెరవాలి. షేర్ చేసేటప్పుడు లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చనే ఆప్షన్ ఎప్పుడూ పెట్టకూడదు. ఆ లింకు ఒక గ్రూపులో పడితే మూడు వందల కుటుంబాల కష్టాలు ఊరందరికీ తెలుస్తాయి.

రాజకీయ నాయకుల కోసమని ప్రైవేటువాళ్లు అమ్మే యాప్‌ల మీద ఎక్కువ చెప్పను. డేటా ఎవరి సర్వర్‌లో ఉంటుంది, మానేస్తే మొత్తం మన చేతికి ఇస్తారా అని అడగండి. సూటిగా జవాబు రాకపోతే వద్దు. వార్డు మెంబరు స్థాయికి వాటి అవసరం నాకెప్పుడూ కనపడలేదు.

ప్రభుత్వ ఫిర్యాదు నంబరు

మనం దేనిలో రాసుకున్నా అది మన సొంత లెక్క. ఆఫీసు లెక్కలో ఉండేది ఫిర్యాదు నంబరు, లేదంటే టపాల్ సెక్షన్‌లో (ఆఫీసులో కాగితాలు తీసుకునే చోట) ముద్ర వేసి ఇచ్చిన ఇన్‌వార్డ్ నంబరు. "నేనే కమిషనర్‌కు ఫోన్ చేస్తే అయిపోతుంది కదా, జనం చేత ఫిర్యాదు ఎందుకు పెట్టించాలి" అని కొందరంటారు. ఫోన్‌తో పని త్వరగా అవుతుంది, నిజమే. మూసుకుపోయిన డ్రెయిన్‌కు, ఊడిన మ్యాన్‌హోల్ మూతకు ఫోనే సరైనది, అక్కడ కాగితం రాస్తూ కూర్చుంటే ఎవరో ఒకరు పడతారు. కానీ ఫోన్ మాటకు ఆనవాలు ఉండదు. అధికారి బదిలీ అయిన రోజున ఆ మాట కూడా ఆయనతోపాటే వెళ్లిపోతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో పీజీఆర్‌ఎస్ (ప్రజా సమస్యల పరిష్కార వేదిక) ఉంది. సోమవారాల్లో కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, 1100కు ఫోన్ చేసి అర్జీ పరిస్థితి అడగొచ్చు. 2019 అక్టోబరులో మొదలైన సచివాలయాల వ్యవస్థ వల్ల పట్టణాల్లోనూ వార్డు స్థాయిలోనే అమెనిటీస్ (వసతులు), శానిటేషన్, ప్లానింగ్, సంక్షేమం, రెవెన్యూ వంటి పనులకు వేర్వేరు కార్యదర్శులు వచ్చారు. కౌన్సిలర్ ముందు తెలుసుకోవాల్సింది ఏ పని ఏ కార్యదర్శిదో. 2025 జనవరి 30న మొదలైన మనమిత్ర వాట్సాప్ సేవ నంబరు 95523 00009. ధ్రువపత్రాల కోసం వచ్చేవాళ్లకు ఆ నంబరు సేవ్ చేసి, ఒకసారి ఎలా వాడాలో చూపిస్తే తర్వాత వాళ్లే చేసుకుంటారు. మన దగ్గరికి రావాల్సిన పనే ఉండదు, అదీ ఒక సేవే.

తెలంగాణలో అలా అర్జీలు తీసుకునేది సోమవారం ప్రజావాణిలో. హైదరాబాద్‌లో 2023 జూన్ 16న 150 వార్డు ఆఫీసులు తెరిచినప్పుడు వివిధ విభాగాల సిబ్బంది అందరూ ఒకేచోట దొరుకుతారన్నది ఉద్దేశం. వార్డు ఆఫీసులో కూర్చునే సిబ్బందితో వారానికోసారి జాబితా చూసుకునే అలవాటు పెట్టుకున్న కార్పొరేటర్‌కు సగం తిరుగుడు తప్పుతుంది. కేంద్రం పరిధిలోని పీఎఫ్, పోస్టాఫీసు, రైల్వే, పాస్‌పోర్టు ఫిర్యాదులకు సీపీగ్రామ్స్ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్ ఉంది. 2024 ఆగస్టు మార్గదర్శకాల ప్రకారం అక్కడ పరిష్కారానికి గడువు 21 రోజులు. జవాబు నచ్చకపోతే అప్పీలు వేయొచ్చు.

పోర్టళ్లతో వచ్చే కోపం నాకు తెలుసు. పని జరగకుండానే "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్ వస్తుంది. తప్పుడు శాఖకు వెళ్లి అక్కడే మూసేస్తారు. అప్పుడు పోర్టల్‌ను తిట్టి వదిలేయకుండా, మూసేసిన తేదీతో పాటు అదే రోజు తీసిన ఫొటో పెట్టి మళ్లీ తెరిపించాలి. ఆ రెండు కాగితాలు చేతిలో ఉంటే కౌన్సిల్ సమావేశంలో మాట్లాడటానికి అంతకంటే బలమైన ఆధారం అక్కర్లేదు.

కాబట్టి ఫోనా, పోర్టలా అని ఎంచుకోవాల్సిన పని లేదు. ప్రాణానికి, ఆరోగ్యానికి ముప్పు ఉన్నదానికి ముందు ఫోన్, వెంటనే నంబరు. డబ్బు, అర్హత, హక్కుతో ముడిపడినదానికి, అంటే పింఛను, మ్యుటేషన్, పన్ను సవరణ లాంటివాటికి, ముందు నంబరు, తర్వాతే ఫోన్. రెండోరకంలో దరఖాస్తు అర్జీదారు పేరు మీదే ఉండాలి. మన సిఫార్సు లేఖ దానికి తోడు మాత్రమే.

కౌన్సిల్ సమావేశమా, ఆర్టీఐనా?

214 నంబరు డ్రెయిన్ దగ్గరికి మళ్లీ వెళ్దాం. మొదటిసారి పొంగినప్పుడు అది శానిటేషన్ పని. రెండోసారి పొంగితే ఇంజినీరింగ్ వాళ్లు చూడాలి. మూడోసారి కూడా పొంగిందంటే అది ఇక ఫిర్యాదు కిందికి రాదు, కొత్త పైపు వేయాల్సిన పని అవుతుంది. దానికి ఎస్టిమేట్ కావాలి, నిధులు కావాలి, ఎజెండాలో చేరాలి, టెండర్ పిలవాలి. ఇంకా జవాన్లకు ఫోన్ చేస్తూనే ఉంటే వాళ్లు వచ్చి సిల్టు తీస్తూనే ఉంటారు, నీళ్లు పొంగుతూనే ఉంటాయి. ఇంటావిడ దృష్టిలో కౌన్సిలర్ ఏమీ చేయనట్టే, కౌన్సిలర్ దృష్టిలో తాను పదిసార్లు చేసినట్టే. ఇద్దరూ చెప్పేది నిజమే కావడం ఇందులో బాధ.

రాసుకున్నది అక్కరకొచ్చేది ఇక్కడే. వీధి పేజీ తీస్తే ఒకే మలుపు నుంచి వచ్చిన వరుస నంబర్లు కనపడతాయి. తేదీలు రాసి, ఫొటోలు జతచేసి, ఏఈ చేత ఎస్టిమేట్ వేయించి, ఎజెండాలో పెట్టమని కమిషనర్‌కు, చైర్‌పర్సన్‌కు రాతపూర్వకంగా ఇవ్వాలి. ముద్ర వేసిన నకలు తెచ్చుకోవాలి. దీనికి అదను కూడా చూసుకోవాలి. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది కాబట్టి బడ్జెట్ తయారయ్యే చలికాలంలోనే మన పని జాబితాలో ఉండాలి. డ్రెయిన్ల పూడిక వానలకు ముందే తీయాలి, జూన్ దాటాక అడిగితే ఆ ఏడాదికి పూడికతీత తప్ప ఇంకేదీ కాదు.

సమావేశంలో సమాధానం రాకపోతే ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు) వేయమని పక్కవాళ్లు ఎగదోస్తారు. చట్టం 2005 నాటిది, ఫీజు 10 రూపాయలు, జవాబుకు 30 రోజుల గడువు. రాకపోతే మొదటి అప్పీలు, ఆ తర్వాత సమాచార కమిషన్. వేసే హక్కు కౌన్సిలర్‌కూ ఉంది. కానీ సభ్యుడిగా కౌన్సిల్‌లో అడిగి తీసుకోగల సమాచారానికి ఆర్టీఐ వేస్తే నెల రోజులు పోతాయి, రోజూ పని చేయించుకోవాల్సిన ఆఫీసుతో మాటలు తెగుతాయి. బిల్లులు చెల్లించారు, పని కనపడలేదన్న అనుమానం గట్టిగా ఉన్నచోట, చేసిన పని కొలతలు ఇంజినీర్లు రాసే పుస్తకం నకలు కావాల్సినచోట వాడండి. మామూలు ఆలస్యానికి అది దారి కాదు.

ఎవరికి ఏది

చిన్న మున్సిపాలిటీ, పక్కన ఎవరూ లేరు: రిజిస్టరు ప్రధానం, వాట్సాప్ బిజినెస్ దానికి వాకిలి. మెసేజ్‌లో వచ్చింది కూడా ఆ సాయంత్రమే రిజిస్టరులోకి ఎక్కాలి. షీటు జోలికి పోవద్దు, రెండుచోట్ల రాయలేక రెండూ ఆగిపోతాయి.

మధ్యస్థ వార్డు, సాయానికి ఒక మనిషి: ఇంటి దగ్గర రిజిస్టరు, వారానికి రెండుసార్లు షీటులోకి ఎక్కించడం. అధికారుల దగ్గరికి వెళ్లేటప్పుడు షీటు ప్రింటు తీసుకెళ్లాలి.

పెద్ద నగరంలో కార్పొరేటర్: షీటే ప్రధానం. ఆఫీసులో ఒకరు రోజూ కూర్చోవాలి. ఫిర్యాదు నంబరు లేని ఎంట్రీ షీటులో ఉండకూడదని నియమం పెట్టుకోండి. 50 వేల మందితో జ్ఞాపకశక్తి మీద ఆధారపడటం అయ్యే పని కాదు. తెలంగాణ 2019 మున్సిపల్ చట్టం ప్రతి వార్డుకు యువకులు, మహిళలు, పెద్దలు, ప్రముఖులతో నాలుగు కమిటీలు ఉండాలంటుంది. కాగితం మీదే ఉండిపోయిన ఆ కమిటీల నుంచి వీధికొకరిని ఎంచుకుని, చదువురానివాళ్ల ఫిర్యాదులు రాసి పంపే బాధ్యత ఇస్తే పెద్ద డివిజన్‌లో చాలా ఉపయోగం. ఆంధ్రలో, తెలంగాణలో రెండుచోట్లా మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) ఆర్పీలకు, అంటే రిసోర్స్ పర్సన్లకు, ఇల్లిల్లూ తెలుసు, వాళ్లతో మాట్లాడండి.

ఏది వాడినా రెండు పనులు తప్పనిసరి. పని అయినా కాకపోయినా చెప్పినవాళ్లకు తిరిగి చెప్పడం మొదటిది. కానిది కాదని చెప్పడం రెండోది, కష్టమైనది కూడా. వయసు చాలని మనిషికి వృద్ధాప్య పింఛను రాదు. "చూద్దాంలే పెద్దమ్మా" అని ఆర్నెల్లు తిప్పితే ఆమె ఆటో ఛార్జీలు పోతాయి, ఆశ పోతుంది. "ఇప్పుడు రాదు పెద్దమ్మా, ఈ ఏడాది దాటాక ఫలానా కాగితాలతో రా, నేనే పెట్టిస్తా" అంటే ఆ రోజు ముఖం చిన్నబుచ్చుకున్నా మన మాట మీద నమ్మకం పోదు. రిజిస్టరులో అలాంటి ఎంట్రీ ఎదురుగా "అర్హత లేదు, చెప్పాం" అని రాసి మూసేయాలి. తిరిగి రావాల్సిన నెల ఉంటే అదీ రాయాలి. ఎవరికి ఓటేశారన్నది ఏ గడిలోనూ ఉండకూడదు, మనసులో కూడా.

కాగితాలు, పరువు

ఆధార్ నంబరు రిజిస్టరులో గానీ షీటులో గానీ పూర్తిగా రాయవద్దు. చివరి నాలుగు అంకెలే కనపడే మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, చాలా పనులకు అది సరిపోతుంది. వాట్సాప్‌లో వచ్చిన ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం ఫొటోలు దరఖాస్తు పెట్టాక ఫోన్‌లోంచి తీసేయాలి, గ్యాలరీలో ఆటోమేటిక్‌గా సేవ్ కాకుండా సెట్టింగ్ మార్చుకోవాలి. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, 2025 నవంబరులో నిబంధనలూ వచ్చాయి. చట్టం సంగతి అటుంచినా, మనల్ని నమ్మి ఇచ్చిన కాగితాలవి.

ఒరిజినల్స్ మన దగ్గర ఉంచుకోవద్దు. ఆసుపత్రి ఒరిజినల్ బిల్లులు సీఎం రిలీఫ్ ఫండ్ దరఖాస్తుకు కావాలి, పోతే మళ్లీ తేవడం నరకం. తప్పనిసరై తీసుకుంటే ఏయే కాగితాలు తీసుకున్నామో రాసి, తిరిగి ఇచ్చినప్పుడు సంతకం పెట్టించుకోవాలి.

ఇంటి గొడవలు, ఆడపిల్లల సంగతులు, జబ్బులు అందరూ తిరగేసే రిజిస్టరులో ఉండకూడదు. అక్కడ వరుస నంబరు, "వ్యక్తిగతం" అన్న మాట చాలు. వివరం కౌన్సిలర్ దగ్గర మాత్రమే ఉండే చిన్న పుస్తకంలో రాయాలి. భర్త కొడుతున్నాడని వచ్చిన ఆవిడకు పంచాయితీ పెడతామని చెప్పేకంటే ముందు 181 నంబరు, ప్రమాదం ఉంటే 112 చేతికివ్వాలి. ఆమెకు తిరిగి ఫోన్ చేసే ముందు ఏ సమయంలో చేస్తే ఇబ్బంది లేదో అడిగి రాసుకోవాలి.

గడువు ముగిసేటప్పుడు

పదవి ఐదేళ్లే. తెలంగాణలో 2020 జనవరిలో గెలిచిన మున్సిపల్ పాలకవర్గాల గడువు 2025 జనవరిలో ముగిసింది, ఆ వెంటనే కొత్తవాళ్లు రాలేదు, ప్రత్యేకాధికారుల పాలన వచ్చింది. అలాంటి రోజుల్లో ఫోన్ మాట మీద నడిచిన పనులన్నీ గాల్లో కలిసిపోతాయి. ఫిర్యాదు నంబరు ఉన్నవే మిగులుతాయి. అందుకే చివరి మూడు నెలలు కొత్త హామీలు తగ్గించి, తెరిచి ఉన్న ప్రతి ఎంట్రీకి నంబరు ఉందో లేదో చూసి, లేనివాటికి పెట్టించి, ఆ నంబరు, ఏ ఆఫీసులో ఎవరిని కలవాలో రాసిన చీటీ అర్జీదారు చేతికి ఇవ్వాలి. కౌన్సిల్ ఆమోదించి మొదలుకాని పనుల జాబితా, తీర్మానం నంబర్లతో సహా, కమిషనర్‌కు ఒక కాపీ ఇచ్చి ముద్ర వేయించుకోవాలి. తర్వాత గెలిచేది ఎదుటి పార్టీవారైనా ఆ జాబితా వాళ్లకూ ఇవ్వండి. వ్యక్తిగతం అని రాసిన పుస్తకం మాత్రం ఎవరికీ ఇవ్వకుండా చింపి కాల్చేయాలి.